బ్రేకు లేని సైకిలు

మా కాలనీ పిల్లలు పరుగుపందెంలో ముందొచ్చినప్పుడల్లా జనం అనే మాట ఒకటుంది. "యానాదోళ్ల బిడ్డ గదా, ఆ కాళ్లకు చెప్పేదేముంది! అడవి రక్తం." మెచ్చుకోలుగానే అంటారు. చప్పట్లు కొడతారు, భుజం తడతారు. మేము కూడా నవ్వి ఊరుకుంటాం. ఇంటికొచ్చినాక మాత్రం ఆ మాట గొంతులో చేపముల్లు మాదిరి గుచ్చుకుంటానే ఉంటుంది.

ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తాం. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టినారు. యానాదులను కూడా కొన్ని చోట్ల ఆ జాబితాలో చేర్చినారు. పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే వాడి పేరు పోలీసు పుస్తకంలో ఉండేది. దొంగతనం వీళ్ల రక్తంలోనే ఉందని ఆనాటి దొరల నమ్మకం. 1952లో ఆ చట్టం పోయింది. రక్తం మాట మాత్రం పోలేదు. అప్పుడు తిట్టడానికి వాడినారు, ఇప్పుడు పొగడడానికి వాడుతున్నారు. రెండిట్లోనూ మనిషి కష్టానికి చోటు లేదు.

మేము కార్వేటినగరం డైట్‌లో శిక్షణ తీసుకుని, చుట్టుపక్కల బడుల్లో పనిచేస్తున్న నలుగురైదుగురు గిరిజన టీచర్లం. ఆదివారం సాయంత్రాలు కాలనీ పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్తాం, ఆటల గురించి మాట్లాడతాం. మేము ఎక్కువసార్లు చెప్పిన కథ, పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే కథ, ఒక సైకిలు ఆటగాడిది. వాడు మన జిల్లావాడు కాదు, తెలుగువాడు కూడా కాదు. కానీ గిరిజన బిడ్డ. పేరు ఈసో అల్బెన్. ఊరు కార్ నికోబార్ దీవి.

బంగాళాఖాతం మ్యాపు తీసుకుని చెన్నై నుంచి తూర్పుకు వేలు జరిపితే అండమాన్ దీవులు తగులుతాయి. పోర్ట్ బ్లెయిర్ అక్కడి పెద్ద ఊరు, 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు ఆ ఊర్లో చాలానే ఉన్నాయి. అక్కణ్ణుంచి దక్షిణంగా సముద్రం మీద సుమారు 270 కిలోమీటర్లు పోతే కార్ నికోబార్. అక్కడ ఉండేది నికోబారీలు. మన మాదిరే షెడ్యూల్డు తెగ. కొబ్బరి, చేపలు, పందులు వాళ్ల బతుకు.

2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవిని తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ రోజు డెబోరా హెరాల్డ్ అనే పాపకు తొమ్మిదేళ్లు. నీళ్లు ఆమెను లాక్కుపోతే ఒక చెట్టు పట్టుకుని కొన్ని రోజులు దానిమీదే ప్రాణం నిలుపుకుంది. ఆ పాప పెద్దదై సైకిలు పందేలకు పోయింది. 2015లో 500 మీటర్ల టైం ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకుల్లో నాలుగో స్థానం దాకా ఎక్కింది. మన దేశంలో సైకిలు తొక్కే ఆడపిల్ల అంతవరకు పోగలదని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆమె తర్వాత ఆ దీవుల నుంచి పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చినారు. ఈసో అట్లా వచ్చినవాడే.

మేము ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు పిల్లలకు ఆ ఆట ఏందో అర్థం కాలేదు. సైకిలు పందెమంటే పుత్తూరు రోడ్డు మీద పోయినట్టు దూరం పోతారేమో అనుకున్నారు. ఫోన్లో వీడియో చూపించినాం. చూడగానే ఒకడు అడిగినాడు.

"సార్, అది మృత్యుబావి గదా?"

వాడి పోలిక సరిగ్గానే ఉంది. జాతర్లలో, ఎగ్జిబిషన్లలో గుండ్రటి కొయ్య బావి గోడమీద మోటారు సైకిలు తిప్పుతారు చూడు, ఇదీ దాని అన్నదమ్ముడే. ఆ మైదానాన్ని వెలోడ్రోమ్ అంటారు. ప్రపంచ పోటీలకు దాని చుట్టుకొలత 250 మీటర్లు. కొయ్యపలకలతో చేస్తారు. మలుపుల దగ్గర నేల 42 నుంచి 45 డిగ్రీల దాకా గోడ మాదిరి లేస్తుంది. నిదానంగా పోతే చక్రం జారి కిందపడతారు. వేగంగా పోతేనే అది నిలబెడుతుంది.

"బ్రేకు ఏదీ?" అని ఇంకో పాప అడిగింది.

బ్రేకు లేదు. గేర్లు మార్చేదీ లేదు. మన సైకిలుకు తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది. ఆ సైకిలుకు చక్రం తిరిగినంతసేపూ పెడలు కూడా తిరగాల్సిందే. తగ్గాలంటే కాళ్లతోనే పెడలును కొంచెం కొంచెం అదిమి పట్టాలి. ఒక్కసారిగా ఆపుదామనుకుంటే మనిషి ఎగిరి పడతాడు. ఆ ఆటలో ఎక్కువగా విరిగేది భుజం ముందుండే కాలర్ ఎముక. ఈ మాట చెప్పగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "పుత్తూరు కట్టు!" అని అరిచినారు.

స్ప్రింటు పందెం ఇద్దరి మధ్య జరుగుతుంది. మూడు చుట్లు, అంటే 750 మీటర్లు. మొదట్లో ఇద్దరూ నిదానంగా పోతారు. ఒక్కోసారి సైకిలు మీదే కదలకుండా నిలబడిపోతారు. చూసేవాళ్లకు ఇదేం పందెమో అనిపిస్తుంది. దానికి కారణముంది. వెనక ఉన్నవాడికి గాలి తక్కువ తగులుతుంది. చెరకు లోడు లారీ వెనక సైకిలు తొక్కినవాళ్లకు ఈ సంగతి తెలుసు, ఎవరో ముందుకు లాగినట్టుంటుంది. అందుకే ఇద్దరూ వెనకుండాలనే చూస్తారు. చివరి 200 మీటర్లు వచ్చేసరికి ఒక్కసారిగా విరుచుకుపడతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు హ్యారీ లావ్రేసన్ అర్హత పోటీలో ఆ 200 మీటర్లను 9.088 సెకన్లలో దాటినాడు. గంటకు 79 కిలోమీటర్ల వేగం. కాళ్లతో!

ఇట్లాంటి ఆటగాళ్లు ఆ కొన్ని సెకన్లు 2,000 వాట్లకు పైగా శక్తి పుట్టిస్తారు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. అంటే రెండున్నర హార్స్‌పవర్ పైనే. మా పొలాల్లో నీళ్లు తోడే చిన్న మోటారు ఎంత పని చేస్తుందో ఒక మనిషి తొడలు ఆ కాసేపు అంత పని చేస్తాయి.

ఇక్కడే రక్తం మాట మళ్లీ వస్తుంది. "అంత బలం పుట్టుకతో రావాల్సిందే గదా?" అని మా తోటి మాస్టరు ఒకాయన అడిగినారు. న్యాయమైన ప్రశ్న. మనిషి కండల్లో రెండు రకాల పోగులుంటాయి. కొన్ని నిదానంగా ముడుచుకుని చాలాసేపు అలసిపోకుండా పనిచేస్తాయి. కొన్ని ఒక్క ఉదుటున ముడుచుకుని తొందరగా అలసిపోతాయి. రెండో రకం ఎక్కువున్నవాళ్లు స్ప్రింటుకు పనికొస్తారు. ఎవరికి ఎంత ఉంటుందన్నది కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. కానీ అది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకే ఇంట్లో అన్నకు ఉండి తమ్ముడికి లేకపోవచ్చు. ఏ కులంలో చూసినా, ఏ తెగలో చూసినా రెండు రకాల పిల్లలూ ఉంటారు. మా కాలనీలో పది అడుగులు పరుగెత్తితే ఆయాసపడేవాళ్లూ ఉన్నారు. వాళ్లదీ అదే రక్తం.

పుట్టుకతో వచ్చింది విత్తనం మాత్రమే. విత్తనం ఉన్నంత మాత్రాన సంగటి తయారవుతుందా? స్ప్రింటు ఆటగాడు వారంలో సగం రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతాడు. భుజాల మీద ఇనుపకడ్డీ పెట్టుకుని గుంజీలు తీస్తాడు. ట్రాక్ మీద ఒకసారి పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చుని, మళ్లీ పది సెకన్లు తొక్కుతాడు. రోజంతా కలిపినా గట్టిగా తొక్కింది రెండు మూడు నిమిషాలు ఉండదు. ఆ రెండు మూడు నిమిషాల కోసం గుడ్లు, మాంసం, పాలు, ఎనిమిది తొమ్మిది గంటల నిద్ర కావాలి. ఇట్లా నెలలు కాదు, ఏళ్లు గడవాలి. అప్పుడు సెకనులో పదో వంతు తగ్గుతుంది. ఆ పదో వంతుకే పతకం.

ఈసోకు ఇదంతా దొరికిన చోటు ఢిల్లీ. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఇందిరాగాంధీ స్టేడియంలో కొయ్యపలకల వెలోడ్రోమ్ కట్టినారు. జాతీయ సైకిలు అకాడమీ అక్కడే ఉంది. ఎక్కడో దీవుల నుంచి, మణిపూర్ నుంచి వచ్చిన పిల్లలను అక్కడ ఉంచి, తిండి పెట్టి, రోజూ ట్రాక్ ఎక్కించినారు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో జూనియర్ ప్రపంచ పోటీలు జరిగినాయి. అక్కడ కైరిన్ అనే పందెంలో ఈసో వెండి పతకం గెల్చినాడు. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. సైకిలు ప్రపంచ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం.

కైరిన్ గురించి కూడా ఒక మాట. అది జపాన్‌లో 1948లో మొదలైంది, అక్కడ జనం డబ్బులు కాసే పందెం. ముందు ఒక చిన్న మోటారు బండి పోతా వేగం పెంచుతుంది. ఆరేడుగురు ఆటగాళ్లు దాని వెనక వరుసగా పోతారు. చివరి మూడు చుట్లు ఉన్నాయనగా ఆ బండి పక్కకు తప్పుకుంటుంది. అక్కణ్ణుంచి ఎవరికి వారే. మోచేతులు తగులుతాయి, చక్రాలు రాసుకుంటాయి. 2000 నుంచి అది ఒలింపిక్స్‌లో కూడా ఉంది.

ఆ మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో, జర్మనీలో పోలండ్ సరిహద్దు పక్కనుండే ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊర్లో మళ్లీ జూనియర్ ప్రపంచ పోటీలు. ఈసారి టీం స్ప్రింటు. ముగ్గురు ఒకరి వెనక ఒకరు బయల్దేరుతారు. మొదటివాడు ఒక చుట్టు లాగి పక్కకు పోతాడు, రెండోవాడు రెండో చుట్టు లాగి పక్కకు పోతాడు, మూడోవాడు ఒక్కడే గీత దాటుతాడు. నికోబార్ ఈసో, మణిపూర్ నుంచి వచ్చిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్, వాళ్ల జట్టు బంగారు పతకం తెచ్చింది. సైకిలులో భారతదేశానికి మొదటి ప్రపంచ టైటిల్ అదే. మా పిల్లలు ఆ పందెం ఆడుకుంటారు. ముగ్గురు వరుసగా పరుగెత్తి, మొదటివాడు తప్పుకుంటాడు, రెండోవాడు తప్పుకుంటాడు. చివరి చోటు కోసం పోట్లాడుకుంటారు. మొదటివాడు లేకుంటే మూడోవాడికి ఆ వేగం రాదని చెప్తాం. ఆ పాఠం మాకు ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా దొరకలేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ బాగుంటుంది. కానీ పిల్లలకు సగం కథ చెప్పి పంపకూడదని మా అభిప్రాయం. జూనియర్ బంగారం తర్వాత ఏమైంది?

జూనియర్ అంటే పద్దెనిమిది దాకా. ఆ తర్వాత పెద్దల పోటీ. అక్కడ ఎదుట నిలబడేది ఇరవై ఐదు, ఇరవై ఎనిమిదేళ్ల మనుషులు. పారిస్‌లో లావ్రేసన్ స్ప్రింటు, కైరిన్, టీం స్ప్రింటు మూడిట్లోనూ బంగారం కొట్టినప్పుడు ఆయన వయసు 27. స్ప్రింటు ఆటగాడి కండ పూర్తిగా పండేది ఆ వయసుకే. పద్దెనిమిదేళ్లకు ప్రపంచం గెల్చిన పిల్లవాడు ఇంకా తొమ్మిదేళ్లు అదే తిండి తిని, అదే నిద్ర పోయి, అదే బరువులు ఎత్తాలి. పోటీకి పనికొచ్చే సైకిలు లక్షల్లో ఉంటుంది. చక్రాలకు వేరే, దుస్తులకు వేరే. పోటీల కోసం దేశాలు తిరగాలి. ఈలోగా 2020లో కరోనా వచ్చి పోటీలే ఆగిపోయినాయి.

మన సైకిలు ఆటగాళ్లు ఒలింపిక్స్‌లో చివరిసారి దిగింది 1964 టోక్యోలో. టోక్యోలోనే మళ్లీ ఒలింపిక్స్ జరిగినా, ఆ తర్వాత పారిస్‌లో జరిగినా మనవాళ్లకు చోటు దొరకలేదు. అట్లని ఆగిపోలేదు. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో రొనాల్డో సింగ్ పెద్దల స్ప్రింటులో వెండి గెల్చినాడు. ఆ పోటీల్లో పెద్దల విభాగంలో ఏ భారతీయుడూ అంతవరకు వెండి తెచ్చింది లేదు. ప్రతి తరమూ రాయి కొంచెం పైకి జరుపుతా ఉంది. టీం స్ప్రింటు మాదిరే.

మా పిల్లల్లో పెద్దవాడొకడు ఈ భాగం విని అడిగినాడు. "పద్దెనిమిదేళ్లకు మా నాయన కూలికి పొమ్మంటాడు. తొమ్మిదేళ్లు తిండి ఎవరు పెడతారన్నా?"

ఈ వ్యాసం మొత్తంలో అసలు ప్రశ్న అదే. మా ఇళ్లలో పద్దెనిమిదేళ్ల మనిషంటే ఇంటికి ఆసరా. చెరకు కొట్టడానికి, ఇటుక బట్టీకి, మామిడి కాయలు కోయడానికి పోవాల్సిన చెయ్యి. ఆ చెయ్యిని ఇల్లు వదులుకోవాలంటే దానికి బదులు ఏదో ఒకటి ఉండాలి. హాస్టలు, స్టైపెండు, ఆటల కోటాలో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం. ఇవి ఉన్నచోట ఆట నిలుస్తుంది. ఇవి లేనిచోట ఎంత వేగమున్న కాళ్లయినా ఇటుకలు మోస్తాయి.

సైకిలు చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. మేజర్ టేలర్ అని అమెరికా నల్లజాతి ఆటగాడు. 1878లో ఇండియానాపోలిస్‌లో పుట్టినాడు. తండ్రి ధనవంతుల ఇంట్లో గుర్రబ్బండి తోలేవాడు. 1894లో అమెరికా సైకిలు సంఘం నల్లవాళ్లకు సభ్యత్వం లేదని తీర్మానం చేసింది. టేలర్ అయినా ఆగలేదు. 1899లో కెనడాలోని మాంట్రియల్‌లో ఒక మైలు స్ప్రింటులో ప్రపంచ విజేత అయినాడు. చాలా ట్రాక్‌లు వాడిని రానివ్వలేదు. వచ్చినచోట తెల్ల ఆటగాళ్లు చుట్టుముట్టి దారి మూసేవాళ్లు. 1910లో ఆట మానుకున్నాడు. సంపాదించింది కరిగిపోయింది. 1932లో చికాగోలో ధర్మాసుపత్రి వార్డులో చనిపోయినాడు, బీదల శ్మశానంలో పూడ్చినారు. 1948లో పాత సైకిలు ఆటగాళ్లు కొందరు కలిసి ఆయన్ను అక్కణ్ణుంచి తీసి మర్యాదగా సమాధి చేసినారు. ఆ సంఘం తన తీర్మానాన్ని రద్దు చేసుకున్నది 1999లో. గెలవడానికి కాళ్లు చాలినాయి. గెల్చినాక బతకడానికి కాళ్లు చాలలేదు.

ఇప్పుడు మా కార్వేటినగరానికి వద్దాం.

ఇక్కడి రోడ్లమీద సైకిలు కొత్త కాదు. బడికొస్తా పథకంలో ఆడపిల్లలకు సైకిళ్లు వచ్చినప్పుడు మా కాలనీల్లో కూడా కొన్ని వచ్చినాయి. వాటిమీద బడికి పోయినవాళ్లున్నారు, నీళ్ల బిందెలు మోసినవాళ్లున్నారు, తమ్ముణ్ణి వెనక కట్టుకుని ఆసుపత్రికి పోయినవాళ్లూ ఉన్నారు. సైకిలు ఉంది, రోడ్డుంది, కాళ్లున్నాయి. ట్రాక్ మాత్రం లేదు. మాకు తెలిసిన తెలుగు నేల మీద వెలోడ్రోమ్ హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరుంది, 2002 జాతీయ క్రీడల నాటిది. మా పిల్లలకు హైదరాబాదు నికోబార్‌కు పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరమో అంతకంటే దూరం.

ఒక పాప సంగతి చెప్తాం, పేరు రాయం. తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వాళ్ల బడిలో ఆమెను మించి పరుగెత్తేవాళ్లు, దూకేవాళ్లు లేరు. మండలం దాటింది, ఆపైన ఎంపికకు పిలుపొచ్చింది. అక్కడ వయసు కాగితం అడిగినారు. ఆ పాపకు మూడు పుట్టినరోజులు ఉన్నాయి. బడి రిజిస్టరులో జూన్ 1, చేర్చుకున్న రోజు అంచనాగా రాసింది. ఆధార్‌లో జనవరి 1. వాళ్లమ్మ చెప్పేది వరి కోతల కాలం, పెద్ద వాన పడిన రాత్రి. పుట్టిన సర్టిఫికెట్టు లేదు. టేబులు వెనక కూర్చున్నాయన ఫైలు చూసి, ఏ తేదీ నిజమో తేల్చుకుని రమ్మని పక్కన పెట్టినాడు. తేల్చుకునేలోపు ఎంపికలు అయిపోయినాయి. పదో తరగతి మధ్యలో ఆగింది. ఇప్పుడు సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతా ఉంది. ఆ పాప రక్తంలో ఏ లోపమూ లేదు. ఫైలులో ఒక కాగితం లేదు.

అందుకే తోటి టీచర్లతో కొన్ని మాటలు చెప్పుకోవాలనిపించింది.

మొదటిది, కొలత. మెచ్చుకునే బదులు కొలుద్దాం. ఒక టేపు, ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక నోటుబుక్కు చాలు. నిలబడినచోటు నుంచి ఎంత దూరం దూకుతారు, గోడ పక్కన నిలబడి ఎంత ఎత్తు ఎగురుతారు, 30 మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతారు. ఆరు నెలలకొకసారి రాసిపెడితే ఎవరి కాళ్లలో ఉదుటు ఉందో కనబడుతుంది. క్రీడా పాఠశాలల ఎంపికలో కూడా చూసేది దాదాపు ఇవే. కడపలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలోనే పిల్లలను చేర్చుకుంటారు. మా కాలనీల్లో ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు చాలా తక్కువ. బిడ్డ ఏడో తరగతికి వచ్చినాక తెలిసి లాభం లేదు.

రెండోది, మొదట దొరికిన ఆటే చివరి ఆట కానక్కర్లేదు. నికోబార్ నుంచే వచ్చిన ఇంకో స్ప్రింటు ఆటగాడు ఉన్నాడు, డేవిడ్ బెక్‌హామ్. ఫుట్‌బాల్ ఆటగాడి పేరు పెట్టినారు, వాడూ మొదట ఫుట్‌బాలే ఆడినాడు, తర్వాత సైకిలుకు వచ్చినాడు. లావ్రేసన్ కూడా మట్టిదిబ్బల మీద ఎగిరే బీఎంఎక్స్ సైకిళ్ల ఆటలో భుజం దెబ్బలు తగిలి ట్రాక్‌కు మారినవాడే. మన బడిలో కబడ్డీ, ఖోఖో తప్ప ఏమీ లేకపోవచ్చు. కబడ్డీ ఆడే కాళ్లే రేపు ఇంకో ఆటకు పనికొస్తాయి. అప్పటిదాకా ఆ బిడ్డను ఏదో ఒక ఆటలో ఉంచడం మన పని.

మూడోది, కాగితం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రూపాయి ఖర్చు లేదు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి, తిరగాలి. ఇంటి దగ్గర కాన్పులు అయిన కుటుంబాల్లో, బట్టీల దగ్గర పుట్టిన బిడ్డల విషయంలో ఇదే జారిపోతుంది. కాలనీలో ఎవరింట్లో కాన్పు అయిందో మనకు తెలుస్తుంది. ఆ నెలలోనే అడుగుదాం. బడిలో చేర్చుకునేటప్పుడు జూన్ 1 అని రాసే అలవాటుకు మనవరకు స్వస్తి చెబుదాం. కుల ధ్రువీకరణ పత్రం కూడా పదో తరగతి దాకా ఆగకుండా ముందే తీయిద్దాం.

నాలుగోది, పెద్దవాళ్లతో ఉన్నదున్నట్టు చెప్పడం. మీ బిడ్డ ఒలింపిక్స్‌కు పోతుందని ఆశ పెట్టకూడదు. వందల్లో ఒకరు కూడా అంతవరకు పోరు. కానీ ఆటల హాస్టలులో చేరిన బిడ్డ మూడు పూటలా తింటుంది, చదువు ఆగదు, కోటాలో ఉద్యోగానికి ఒక దారి ఉంటుంది. ఇంతమాత్రం చెప్పినా కూలికి పంపే ముందు ఒకసారి ఆలోచిస్తారు.

యువతకు మా మాట ఒక్కటే. మిమ్మల్ని ఎవరైనా అడవి రక్తం అని పొగిడితే మర్యాదగానే జవాబివ్వండి. పొద్దున ఎన్ని గంటలకు లేచినారో, ఎన్నాళ్లు సాధన చేసినారో చెప్పండి. ఈసో సైకిలుకు బ్రేకు లేదు. ఆ సైకిలు ఎక్కడానికి వాడికి ట్రాక్ కావాలి, హాస్టలు కావాలి, వాడి ముందు ఆ దారిలో పోయిన డెబోరా లాంటి అక్క కావాలి. మనకు కూడా కావాల్సింది అవే. వాటిని అడగడానికి మనకు సిగ్గు అక్కర్లేదు.

పోయిన జూన్‌లో మేము కొత్త నోటుబుక్కు మొదలుపెట్టినాం. గీతలు గీసి గడులు చేసినాం. మొదటి గడిలో పేరు, రెండో గడిలో పుట్టిన తేదీ, దానికి కాగితం ఉందా లేదా. దూకిన దూరం మూడో గడి. రెండో గడి నిండనివాళ్ల ఇళ్లకు మేము ఇప్పుడు ఒక్కొక్కరుగా పోతున్నాం.